ఉప్పునీళ్ళు కిందింట్లోకి ఎలా దిగాయంటే

ప్లంబరుగారింట్లో చేపల తొట్టి భళ్ళున పగిలి, కిందింటివాళ్ళ మంచం మీద చేపలు ఎగిరిపడ్డాయని వీధి వీధంతా చెప్పుకుంటోంది. చేపా పడలేదు, తొట్టీ పగల్లేదు. కిందింటి కప్పు తడిసి, పరుపు మీద ఉప్పునీళ్ళు కారిన మాట నిజం. తప్పంతా కోడలిదేనన్న మాట మాత్రం పచ్చి అబద్ధం. అది మొదట కనిపెట్టింది ఆ పిల్ల అత్తగారు, అదీ బట్టలు ఉతకబోతూ.

ఆ ప్లంబరు ఎలాంటి మనిషో తెలిస్తేగాని ఈ విడ్డూరం అర్థం కాదు. నీళ్ళు కారే చప్పుడు వింటే ఆయనకు కాలు నిలవదు. చుట్టపుచూపుగా వెళ్ళినా సరే, వాళ్ళ కుళాయి బిగించాకే కాఫీ గ్లాసు అందుకుంటాడు. ఆస్పత్రిలో పడుకున్నప్పుడు సెలైన్ బొట్లు బొట్లుగా పడుతుంటే, దాన్ని కట్టెయ్యమని నర్సుతో పేచీ పెట్టుకున్నాడని పెళ్ళాం ఇప్పటికీ ఏడిపిస్తుంటుంది. ఆయన చెయ్యి పడ్డ పైపు కారిందన్నవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు.

కోడలికేమో సముద్రపు చేపల పిచ్చి. ముందుగదిలో చిన్న గాజు తొట్టి పెట్టుకుని, ఉప్పు కలిపిన నీళ్ళలో నారింజరంగు చేపల జంటను గోరంత ఉన్నప్పటి నుంచీ సాకింది. నీళ్ళు శుభ్రంగా ఉండాలంటే బల్ల కింద ఇంకో తొట్టి ఉండాలట, దాన్ని సంపు అంటారు. పైతొట్టిలోంచి పొర్లిన నీళ్ళు ఒక పైపు గుండా సంపులోకి దిగి, అక్కడ వడపోత అవుతాయి. చిన్న మోటారు వాటిని ఇంకో పైపులోంచి మళ్ళీ పైకి తోస్తుంది. పైపులు కొయ్యడం, అతకడం మామగారే పక్కన కూర్చుని నేర్పాడు. ఆయన పనిమీద బయటికెళ్ళాక, ఆ రెండో పైపుకు నీటిమట్టం దగ్గర కోడలు సన్నటి బెజ్జం వేసింది. ఎందుకంటే, కరెంటు పోయి మోటారు ఆగితే పైతొట్టి నీళ్ళు అదే పైపులోంచి వెనక్కి దిగుతాయి. నీళ్ళు కాస్త తగ్గి బెజ్జం తేలగానే గాలి దూరి, ఆ దిగడం ఆగిపోతుంది. మోటారు నడిచినంతసేపూ ఆ బెజ్జం సన్నగా చిమ్ముతూనే ఉంటుంది, చిమ్మినా తొట్టిలోకే.

మొన్న ఇంట్లో ఎవరూ లేని పూట కరెంటు పోయింది. దిగడం ఆగలేదు. సంపు పొర్లి గదంతా మడుగయింది. అందరూ తిరిగొచ్చేసరికి కిందింటాయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ప్లంబరు అందరికంటే ముందు లోపలికి పరిగెత్తాడు. తర్వాత కోడలు వచ్చి చూస్తే బెజ్జం తెరిచే ఉంది. "నా లెక్కే తప్పింది అత్తయ్యా, ఇది సరిపోలేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తొట్టి తీసెయ్యాల్సిందేనని కిందింటాయన పట్టుబట్టాడు, ప్లంబరు కొడుకూ సరేనన్నాడు. చేపల దుకాణం అతను వచ్చి మొత్తం పట్టుకుపోయేలా మాటైంది. ప్లంబరు మాత్రం నోరు మెదపలేదు. ఆ మౌనం చూసే, కోడలు మామగారి మాట వినక కొంప ముంచిందని వీధి తేల్చేసింది.

దుకాణం అతను వచ్చే రోజున అత్తగారు మొగుడి చొక్కా నానబెట్టబోతూ అలవాటుగా జేబు తడిమింది. గట్టిపడిన తెల్లటి ముద్ద చేతికి తగిలింది, కారే పైపులకు ఆయన పెట్టే ముద్దే. ఒకవైపు పైపు వంపు అచ్చుపడి ఉంది. వంపు మధ్యలో బియ్యపుగింజంత మొన. ఆవిడ తొట్టి దగ్గరికెళ్ళి ఆ మొనను బెజ్జంలో పెట్టి చూసింది. అమర్చినట్టు కూర్చుంది.

మొగుడు అబద్ధమాడగా ఆవిడ ఏనాడూ చూడలేదు. ఇప్పుడూ ఆడలేదు. ఆ పిల్ల అందరిచేతా మాటలు పడుతుంటే, ఇది జేబులో పెట్టుకుని తిరిగాడు, అంతే. అదే ఆవిడకు మింగుడుపడలేదు.

చేపల్ని బకెట్లోకి దింపుదామని కోడలు చొక్కా చేతులు మడుచుకుంటోంది. ప్లంబరు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆవిడ కోడలి ముందే ముద్దను ఆయన చేతిలో పెట్టింది.

"ఏమండీ, ఆ బెజ్జం మూసింది మీరేనా?"

ఆయన ముద్దను అటూ ఇటూ తిప్పాడు గాని, తలెత్తలేదు.

"నేనే. చిమ్ముతుంటే చూసి, పిల్ల చెయ్యి జారి డ్రిల్లు తగిలిందనుకున్నా. చెబితే చిన్నబుచ్చుకుంటుందని తను లేనప్పుడు మూసేశా. గదిలో నీళ్ళు చూడగానే విషయం అర్థమైంది, పీకి జేబులో వేసుకున్నా. అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు. చేపల్ని తియ్యొద్దమ్మా, ఉండనీ. కిందింటాయన్ని నేనే పిలుస్తా. నేను చేసిన పనికే నీళ్ళు కారాయని అందరి ముందూ చెబుతా."