కడప గోదాములో ఆటకు ముందు రెండు గంటలు

పొద్దున అయిదున్నరకు కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కాను. మా మరిది రాజశేఖర్, అతని ముగ్గురు స్నేహితులు మధ్యాహ్నానికి కారులో వస్తామన్నారు. కడపలో ఒక పాత నూనెమిల్లు గోదామును ఎయిర్‌సాఫ్ట్ ఆటకు ఇస్తున్నారు. ప్లాస్టిక్ గుండ్లు పేల్చే తుపాకులతో రెండు జట్లు మసక చీకట్లో తలపడి, అవతలివాళ్ల జెండా లాక్కురావాలి. జట్టులో ఒకరికి జ్వరం రావడంతో మరిది నన్ను పిలిచాడు. పిలిచినవాడే, "వదినా, నువ్వు మన జెండా కాడ కూచ్చో, సాలు" అన్నాడు.

నాకు చిన్నప్పుడే కుడిచెవి పోయింది. చప్పుడు వినపడుతుంది గాని ఎటునుంచి వస్తోందో తెలియదు. అతనన్నదాంట్లో తప్పు లేదు. అయినా ఇరవై ఏళ్లుగా బడిపిల్లలకు ఆటలు నేర్పుతున్నదాన్ని, ఒకచోట కూర్చోమంటే మనసొప్పలేదు. అందుకే ముందుగా వెళ్లి స్థలం చూసుకుందామని ఒక్కదాన్నే బయల్దేరాను.

ఏడున్నరకు నంద్యాలలో బస్సు పావుగంట ఆగింది. స్టాండులో బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ బాగున్నాయి. వేడివి అడిగి పెట్టించుకోవాలి. ఆళ్లగడ్డ దాటాక పక్కసీటు పెద్దాయన ఏం పనిమీద పోతున్నావని అడిగాడు. తుపాకుల ఆటకని చెప్పాను. నన్ను కిందికీ మీదికీ చూసి, "ఇంట్లో చెప్పే వచ్చినావామ్మా?" అన్నాడు. పిలిచింది మరిదేనంటే కుదుటపడి, మైదుకూరులో దిగేదాకా తన మోకాళ్లనొప్పుల కథ చెప్పాడు.

పదిన్నరకు కడపలో దిగి, ఆటోలో పదకొండుకు గోదాము చేరాను. యజమాని ఇంకా రాలేదు. లోపల ఊడుస్తున్న మహబూబ్‌బీ అనే పెద్దావిడ, చూసుకోమని లైట్లు వేసింది. ప్లైవుడ్ గోడలు, నూనె డ్రమ్ములు, టైర్ల దొంతరలు, వాటి మధ్య మనిషి పట్టేంత సందులు. నోటుబుక్కులో పటం గీయడం మొదలుపెట్టి, నాలుగో మలుపుకే ఎటునుంచి వచ్చానో మరిచిపోయాను.

ఆవిడ చీపురు ఆపి, గోడలు కాదు, నేల చూడమంది. "యాడ గుండ్లు కుప్పగా ఉండాయో, ఆడ నిలబడినోళ్లు దెబ్బలు తింటాండారని లెక్క. దినామూ ఊడ్సేదాన్ని, నాకు తెలీదా?"

అప్పటినుంచి ఇద్దరం కుప్ప ఉన్నచోటల్లా ఆగాం. అక్కడ నిలబడి చూస్తే గుండ్లు వచ్చే కంత ఎక్కడో ఒకచోట దొరికేది. ఒక మూల మాత్రం శుభ్రంగా ఉంది. అక్కడికి ఎవరూ రారని, ఊడ్చే పనే ఉండదని చెప్పింది. కుడివైపు ఇటుకగోడ, ముందు ఒక స్తంభం. గోడకు కుడిభుజం ఆనించి నిలబడ్డాను. ఆవిడ అటు వెళ్లి డ్రమ్ము మీద చీపురుకర్రతో తట్టింది. ఇక చప్పుడు ఎటునుంచని వెతుక్కునే పని లేదు. గోడవైపు నుంచి ఎవరూ రాలేరు, వస్తే వినపడే ఎడమచెవి వైపు నుంచే రావాలి. మా జెండా నుంచి ఆ మూలకు రెండు మలుపులు, ఇరవైమూడు అడుగులు. లైట్లు తీయించి నాలుగుసార్లు నడిచాను.

ఒంటిగంటకు ఆట మొదలైంది. మొదటి ఆటలో మరిది మాట ప్రకారం జెండా దగ్గరే కూర్చున్నాను. అయిదు నిమిషాల్లో ఓడిపోయాం. నాకు ఒక చోటు తెలుసని అప్పుడు చెప్పాను. స్నేహితులు ముఖాలు చూసుకున్నారు. మరిది మాత్రం, "సరే, పో వదినా" అన్నాడు.

మూలలో గోడకు కుడిభుజం ఆనించి నిలబడ్డాను. బూట్ల చప్పుడు దగ్గరైంది. స్తంభం పక్కనుంచి ఇద్దరు మా జెండావైపు వంగి పోతున్నారు. ముందువాడి వీపుకు తగిలించాను. వాడు చెయ్యెత్తి "హిట్" అని పక్కకు తప్పుకున్నాడు. రెండోవాడు తిరిగి నా మోచేతికి కొట్టాడు. భలే చురుక్కుమంది. నేనూ చెయ్యెత్తాను. వాడు నా దగ్గర ఆగిన ఆ కాస్తలోనే మరిది అవతలి జెండా పట్టుకొచ్చాడు.

మూడో ఆటలో వాళ్లు నేరుగా నా మూలకే వచ్చారు. ఓడిపోయాం. బయటికి వస్తుంటే మహబూబ్‌బీ, రేపటినుంచి ఆ మూల కూడా ఊడ్చాల్సిందేనని నవ్వింది.

తిరుగుప్రయాణం కారులోనే. నంద్యాలలో టీ తాగుతుండగా మరిది వచ్చే నెల అనంతపురంలో ఇలాంటి స్థలమే ఉందన్నాడు. "ఈసారి అందురం పొద్దున్నే పోదాం వదినా. నువ్వు ముందు నడు, మేము ఎనక వస్తాం."

ఆడబోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: రెండు గంటలు ముందు వెళ్లి, అక్కడ రోజూ పనిచేసేవాళ్లతో మాట్లాడండి. మేం ఓడిన మాట నిజం. కానీ కర్నూలు చేరేదాకా కారులో అందరూ రెండో ఆట గురించే మాట్లాడారు. నేనూ మాట్లాడాను, అందరికంటే ఎక్కువగా.