బాపు తవ్విన మూడు గుంతలు

తుర్కయాంజాల్‌లో మా ఇంటి ముందు నల్లా పైపుల కోసం జేసీబీ నేల తవ్వుతుంటే, లోపలి మట్టి తడివాసన గదిలోకి వచ్చి, ఎనభై దాటిన నన్ను ఇబ్రహీంపట్నం పక్క మా ఊరికి, ఏడేళ్ల వయసుకు లాక్కుపోయింది.

నైజాం రాజ్యపు ఆఖరి ఎండాకాలం. ఈస్టరుకు అమ్మ వండిన బెల్లం గారెల వాసన ఇంట్లో ఇంకా ఉండగానే, నైజాంకు ఎదురు తిరిగిన సంఘంలో తిరుగుతున్నాడని గొల్ల మల్లయ్యను రజాకార్లు కాల్చి చెరువు కట్ట కింద పడేశారు. శవాన్ని ముట్టినవాణ్ని పక్కనే పడుకోబెడతామని గుర్రం మీద తిరిగే వాళ్ల సర్దారు చాటింపు వేయించాడు. రెండు రోజులు ఊళ్లో ఒక్క తలుపు తెరుచుకోలేదు. కుక్కలు కూడా మొరగలేదు. మూడోరోజు మిట్టమధ్యాహ్నం, ఆదివారాలు ప్రార్థనలో పాట ఎత్తుకునే మా బాపు పార భుజాన వేసుకున్నాడు.

"జర చీకటి పడ్డంక పోరాదా?" అంది అమ్మ.

"దాసుకొని చేస్తె దొంగపనైతది."

నీళ్ల చెంబుతో నేనూ వెంట వెళ్లాను. సర్దారు వచ్చి, మల్లయ్యను పూడ్చేదాకా గుర్రం మీద నుంచే చూస్తూ ఉన్నాడు. "ఇంకోటి తవ్వు, నీ కొలతకు. మళ్ల వస్త," అని వెళ్లిపోయాడు. బాపు మల్లయ్య పక్కనే, మా కిరస్తానీ పద్ధతిలో తూర్పు పడమరలుగా తవ్వాడు.

పారిపోదామని అమ్మ ఏడ్చినా బాపు కదలలేదు. ఇంకెవరైనా పడితే పూడ్చేదెవరన్నాడు. వానలకు ఆ గుంత నిండి కప్పలు అరిచేవి. డెక్కల చప్పుడు వినబడితే అమ్మ పెనం మీద రొట్టె మరిచిపోయేది. ఒకరోజు వంగి చూస్తే నీళ్లలో నా ముఖం కనబడి, నాకు జ్వరం వచ్చింది.

పోలీసు చర్య జరిగిన వారానికి సర్దారు శవమై అదే కట్ట కింద పడి ఉన్నాడు. ఈసారి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, మనుషులే కదలలేదు. బాపు పార తీస్తే మల్లయ్య తల్లి అడ్డం వచ్చింది.

"నా కొడుకును సంపినోనికి గూడనా?"

"అవ్ అక్కా. నీ కొడుకును ఎందుకు పూడ్సిన్నో గందుకే."

తవ్వి ఉన్న గుంతలోకి తోసేస్తే పోయేదని నాకు ఒళ్లు మండింది. ముస్లింలు ఉత్తరానికి తల పెడతారంటూ బాపు తన గుంత పూడ్చేసి, పక్కన కొత్తది తవ్వాడు. అది పూర్తయ్యాక మల్లయ్య తల్లి నా చేతిలో చెంబు తీసుకుని బాపు దోసిట్లో నీళ్లు పోసింది.

ఆ తర్వాత బాపు ముప్పై ఏళ్లు బతికి మంచం మీద పోయాడు. ఆ గుంతల మీద ఇప్పుడు ప్లాట్లు. అక్కడ మూడు ఉండేవని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మనుషులున్న ఆ రెండింటికీ నేను భయపడను. నడుమ బాపు కొలతకు తవ్విన ఖాళీదే ఇంకా నోరు తెరుస్తుంది. తవ్వేది పైపుల కోసమేనని తెలిసినా, కిటికీలోంచి వంగి, అది ఎవరి కొలతకు ఉందో చూసుకున్నాను.