నాకన్నా ముందే తాతయ్యకు వచ్చిన నా ఎడమచేతి పాట

మా కాంప్లెక్స్ పిల్లలందరూ నన్ను ఆంటీ అంటున్నారు కనుక, ‘నా చిన్నప్పుడు’ అని మొదలుపెట్టే హక్కు నాకూ వచ్చినట్టే. అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో, నాకు పన్నెండేళ్ళప్పటి మాట ఇది. మా పియానో టీచరు ఆ ఏడు రిసైటల్‌కి, అంటే శిష్యులందరూ వేదికెక్కి వాయించే కచేరీకి, ప్రెల్యూడ్ అనే చిన్న ముందు పాట, దానికి జోడీగా ఒక ఫ్యూగ్ ఇచ్చారు. దాదాపు వందేళ్ళ కిందట రాసినవి. ప్రెల్యూడ్ నాకు మంచినీళ్ళ ప్రాయం. తంటా అంతా ఫ్యూగ్‌తోనే. కుడిచెయ్యి ఒక పాట ఎత్తుకుంటే, అది ముగియకముందే ఎడమచెయ్యి అదే పాటను కింద నుంచి అందుకోవాలి. రెండూ ఎవరి దారిన అవి నడవాలి. అంతకు ముందేడు రిసైటల్‌లో మధ్యలో మరిచిపోయి, అందరి ముందూ ఏడుస్తూ దిగిపోయాను. మళ్ళీ అదే జరుగుతుందని భయం. ఫ్యూగ్ మానేస్తానని టీచరుకి ఈమెయిల్ రాయమని అమ్మను పోరాను.

అప్పుడు మా తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న, ఆరు నెలలకని వచ్చి మా ఇంట్లో ఉన్నారు. బ్యాంకు గుమాస్తాగా రిటైరైనా, నలభై ఏళ్ళు కచేరీల్లో పక్కవాయిద్యంగా వయొలిన్ వాయించిన మనిషి. అమ్మను ఆగమని సైగ చేసి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

“కుడిచేతిది ఒక్కటే వాయించమ్మా. రెండోది నేను పాడతా.”

“నీకెలా తెల్సు తాతయ్యా? నువ్వు నోట్స్ రీడ్ చెయ్యలేవు కదా!”

“నెల్రోజుల్నించి వింటున్నాగా.”

నాకు సిగ్గేసింది. నా ఎడమచేతి పాట నాకన్నా ఆయనకే బాగా వచ్చు.

మొదలుపెట్టాను. ఆయన అందుకోరే! నేను ఆగాక, తీరిగ్గా సరిగమలతో ఎత్తుకున్నారు. గాయకుడు రాగం ఆలపించి ఆగాకే వయొలిన్ అందుకోవడం కచేరీ మర్యాద. పాడేవాడికి అడ్డం రావడం ఆయన లెక్కలో మహాపచారం. మూడుసార్లూ ఇదే వరస. నాలుగోసారి మోచేత్తో పొడిచాను. అప్పుడు, ఇష్టం లేకుండానే, నా పాట మధ్యలో దూరారు. రెండూ కలిసి వినబడ్డాయి. ఆ ఫ్యూగ్ మొదటిసారి నాకు నచ్చింది. తర్వాత ఆయన ఊరుకుని, కుడిచేత్తో నేను వాయిస్తూ ఉండగానే ఎడమచేతి పాటను నా నోట పాడించారు. వారం రోజులు, స్కూల్ నుంచి రాగానే ఇదే పని. ఈమెయిల్ ఊసు నేను మళ్ళీ ఎత్తలేదు.

రిసైటల్ రోజున భయపడ్డట్టే అయింది. ఫ్యూగ్ సగంలో కుడిచెయ్యి దారి తప్పింది. అయితే ఎడమచెయ్యి ఆగలేదు. దాన్ని విన్నాను. నోట్లో నానిన పాటే కదా, ఎక్కడున్నానో తెలిసిపోయింది. కాసేపటికి కుడిచెయ్యి వచ్చి కలిసింది. చివరిదాకా వాయించే లేచాను. కార్‌లో తాతయ్య పెద్దగా మెచ్చుకోలేదు. “నువ్వు తడబడి, విన్నావు చూడు, అక్కడ బావుంది” అన్నారు, అంతే.

నాకు వాదించే బుద్ధి కాస్త ఎక్కువ. మాటా మాటా పెరిగి, ఏం చెప్పబోయానో నాకే తోచని ఘడియ ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. అప్పుడు నోరు మూసుకుని అవతలివాళ్ళు ఏమంటున్నారో వింటాను. నేను మళ్ళీ ఎక్కడ అందుకోవాలో చాలాసార్లు వాళ్ళ మాటల్లోనే దొరుకుతుంది.