సైరన్‌కు ముందు నమస్తే

కోవిడ్ తగ్గిన ఏడాది జూన్‌లో సుల్తాన్‌పూర్‌లోని ఒక సిరంజీల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేరాను. చెప్పకుండా సైరన్ మోగించి, అందరూ ఆరుబయట గుమిగూడే చోటుకు, అంటే అసెంబ్లీ పాయింట్‌కు చేరాక తలలు లెక్కపెట్టడాన్ని మాక్ డ్రిల్ అంటారు. ముందే చెప్పి చేస్తే అది డ్రిల్ కాదు, పెళ్లి ఊరేగింపు అనేవాణ్ణి.

ప్యాకింగ్‌లో ఆటిజం ఉన్నవాళ్లు నలుగురు ఉండేవారు. భోజనానికి కూడా తలో మూల కూర్చునేవారు కనుక వాళ్లకు ఒకరితో ఒకరికి సంబంధమే లేదనుకున్నాను. వాళ్లలో కొత్తగా చేరిన సునీత సైరన్ మోత భరించలేదు. ఆమె చేరాక జరిగిన తొలి డ్రిల్‌లో స్టోర్‌రూంలో దాక్కుంది. మళ్లీ లెక్కలో తప్పితే ఆమె ఉద్యోగం పర్మినెంట్ కాదని ప్లాంట్ మేనేజర్ తేల్చేశారు.

తర్వాతి డ్రిల్‌కు సైరన్ మోగకముందే నలుగురూ మోత వినపడకుండా చెవులకు మఫ్‌లు పెట్టుకుని అసెంబ్లీ పాయింట్‌లో నిలబడి ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. రహస్యం ఎవరు చెప్పారని వాళ్లలో సీనియర్ నరేశ్‌ను గద్దించాను.

“ఎవ్వలు చెప్పలే సార్. డ్రిల్ ఉన్న దినం మీరు అందరికి నమస్తే పెడ్తరు. పిల్లలు మంచిగున్నరా అని అడుగుతరు. వేరే దినాలల్ల అడగరు. ఒక్కలకు తెలిస్తే నలుగురికి చెప్పాలె. గది మా కాయిదా.”

ముల్లును ముల్లుతోనే తీద్దామని మర్నాటి నుంచి రోజూ అందరికీ నమస్తే పెట్టాను. వాళ్లూ రోజూ వెళ్లి అసెంబ్లీ పాయింట్‌లో నిలబడ్డారు. ప్యాకింగ్ ఆగింది. ప్రొడక్షన్ మేనేజర్ పరుగున వచ్చి, “ఏంది సార్ గిది? జెర మీ నమస్తేలు బంద్ చెయ్యిండ్రి, మాల్ ఆగిపోతుంది!” అని చేతులు జోడించాడు.

నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ప్లాంట్ మేనేజర్ దగ్గర పట్టుబట్టి అనుమతి తెచ్చి, డ్రిల్ సంగతి ఆ నలుగురికీ ముందే చెప్పసాగాను. నిజం సైరన్ చెప్పి మోగదు కదా అని నేనంటే, దానికీ వాళ్లే ఉపాయం చూసుకున్నారు. మఫ్‌లు ఎప్పుడూ మెడలోనే ఉంటాయి. నరేశ్ ముందు నడుస్తాడు, అతని ఐడీ కార్డు తాడు పట్టుకుని సునీత వెనక నడుస్తుంది. డ్రిల్ డ్రిల్‌కూ అదే సాధన చేశారు.

ఒక మధ్యాహ్నం కంప్రెసర్ గదిలో నిజంగానే పొగ లేచింది. సైరన్ మోగించాను. ఎవరికీ ముందు తెలియదు. నరేశ్ వెనకే తాడు పట్టుకుని సునీత మిగతా అందరికన్నా ముందు వచ్చింది. లెక్కలో ఒకే ఒక్కరు తగ్గారు. డ్రిల్లే కదా అని ఏసీ గదిలో కూర్చుండిపోయిన ప్లాంట్ మేనేజర్. ఆ వారమే ఆయన సునీత పర్మినెంట్ ఆర్డరు మీద మారుమాట లేకుండా సంతకం పెట్టారు.

భయం లేకుండా నేర్చుకున్నదే భయం వేసినప్పుడు పనికొస్తుందని నాకు అప్పుడు తెలిసింది. ఆ నలుగురూ దాన్ని ఒకరికొకరు నేర్పుకున్నారు. నేను సైరన్ మోగించానంతే.