రికాబు పట్టిన చెయ్యి

మునిలక్ష్మి మంచిదని వర్తూరులో ఎవరూ అనరు. పనిమంతురాలంటారు, మొండిదంటారు, గుర్రం మీద చూడాలి ఆమెను అంటారు. మంచిదని మాత్రం అనరు. అన్నా ఆమె ఒప్పుకోదు. అవమానాన్ని మరిచిపోవడం గొప్ప గుణమని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళలో ఎక్కువమందికి అసలు అవమానమంటూ జరిగి ఉండదు. మునిలక్ష్మికి జరిగింది. దాన్ని ఆమె మరిచిపోలేదు సరికదా, రోజూ ఇంత మేత వేసి పెంచింది.

ఆమె తండ్రి వెంకటరాయప్ప వైట్‌ఫీల్డు రైల్వేస్టేషను నుంచి వర్తూరుకు జట్కా తోలేవాడు. ఆయనకు చూపు మందగించాక, పధ్నాలుగేళ్ళకే మునిలక్ష్మి పగ్గాలు పట్టింది. తండ్రి పక్కన కూర్చుని చక్రాల చప్పుడును బట్టి దారి చెప్పేవాడు. ఆడపిల్ల జట్కా తోలడమేమిటని నవ్వినవాళ్ళు కూడా వానొస్తే ఆ బండే ఎక్కేవారు.

జట్కావాళ్ళకు ఒకటే భయం. గుర్రం టకటకమని ఒకే తీరున పోతున్నంతసేపూ బండి బండిలా ఉంటుంది. అది ఒళ్ళు మరిచి, ముందుకాళ్ళెత్తి ఎగురుతూ పరుగందుకుందా, ఒక చక్రం లేస్తుంది, లోపలున్న ముసలమ్మలు రోడ్డున పడతారు. కాబట్టి ఆ ఎగురు మొదలవుతుండగానే పగ్గాలు రెండూ గుండెల దాకా లాగాలి. మునిలక్ష్మి కాస్త ఆలస్యం చేస్తే తండ్రి చర్నాకోల కాడతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. కొన్నాళ్ళకు ఆ పని బుర్రను అడగకుండా చేతులే చేసుకోవడం నేర్చుకున్నాయి.

తరువాత ఆటోలు వచ్చాయి. వెంకటరాయప్ప పోయాడు, గుర్రాన్ని చింతామణి వైపు ఎవరో తోలుకుపోయారు. తల్లి కెంపమ్మ రాగులూ అలసందలూ చెరిగి సంతలో అమ్ముతుండేది. తొంభై ఏడులో పద్మనాభం అనే పెద్దమనిషి చెరువు అవతల గుర్రపుస్వారీ బడి పెట్టినప్పుడు, లాయంలో పేడ ఎత్తడానికీ మేత వేయడానికీ మునిలక్ష్మి చేరింది. శని, ఆదివారాల్లో బ్రూక్‌ఫీల్డు నుంచి కంప్యూటరు ఉద్యోగస్థులు పిల్లలతో కార్లలో వచ్చేవారు. వాళ్ళకు స్వారీ నేర్పే మాస్టరు మల్లికార్జున్. రేసుకోర్సులో గుర్రాలను తిప్పి తిప్పి పండినవాడు, దువ్విన మీసం, తల మీద ఎప్పుడూ టోపీ. నోరు చెడ్డది, పని మంచిది. ఈ రెండో మాట మునిలక్ష్మి చేత ఎవరూ అనిపించలేరు గానీ మనం అనుకోవడానికి అభ్యంతరం లేదు.

చిన్న ఆడపిల్లలకు నేర్పడానికి ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని తల్లులు అడుగుతున్నారని, మన మునిలక్ష్మి స్వారీ నేర్చుకుంటే ఎలా ఉంటుందని పద్మనాభం ఒక ఆదివారం నలుగురిలో అన్నాడు. మల్లికార్జున్ ముఖం మాడిపోయింది. రేసుకోర్సు చూసినవాడి పక్కన పేడ ఎత్తే మనిషి నిలబడి పాఠం చెప్పడమా. పైకి మాత్రం నవ్వి, నేర్చుకోవడం దాకా ఎందుకు, పుట్టినప్పటి నుంచీ గుర్రాలతోనే కదా, ఇప్పుడే ఎక్కించి చూద్దామన్నాడు.

రోజీ అనే గోధుమరంగు ఆడగుర్రాన్ని తెచ్చారు. ఒక్క మాట చెప్పకుండా, పాదాలు పెట్టే రికాబులు సరిచేయకుండా మల్లికార్జున్ ఆమెను జీను మీదికి ఎక్కించాడు. రెండు చుట్లు మామూలుగా తిప్పి, మలుపు దగ్గర నాలుకతో టక్కుమనిపించాడు. బడి గుర్రాలు పైనున్నవాళ్ళ కాళ్ళ మాట కన్నా మాస్టరు నాలుక మాటే ఎక్కువ వింటాయి. రోజీ క్యాంటర్ అందుకుంది. క్యాంటర్ అంటే నడకా కాదు, పూర్తి దౌడూ కాదు, మనిషిని ఎత్తి, ముందుకు తోసి, దించే పరుగు. వెంకటరాయప్ప భయపడ్డ ఎగురు సరిగ్గా అదే.

మునిలక్ష్మి చేతులు ఎవరినీ అడగలేదు. రెండు పగ్గాలూ గుండెల దాకా లాగేశాయి. గుర్రం ఉన్నచోట నిలబడిపోయింది, ఆమె దాని మెడ మీదుగా వెళ్ళి నేల మీద పడింది. ముందు పన్ను సగం విరిగింది. నోట్లో మట్టీ రక్తమూ. ఆమె లేచేలోపే మల్లికార్జున్ రెండు చేతులూ రొమ్ము మీదికి లాక్కుని, జట్కా తోలేవాడిలా ఊగుతూ రెండడుగులు వేసి చూపించాడు. పిల్లలు నవ్వారు, పిల్లల తల్లులు నవ్వారు, పద్మనాభం కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

“చూస్తిరా సార్, వాళ్ళ నాయన చేతులే వచ్చి తగులుకొన్నాయి దీనికి. గుడ్డోని చేతులు. వీటిని మార్చేకి ఎవురి చేతా కాదు” అన్నాడు మల్లికార్జున్.

ఆ రోజు నుంచి బడిలో ఆమె పేరు జట్కమ్మ. పన్ను సంగతి ఆమె మరిచిపోయేదేమో. పేరు కూడా పోనీ అనుకునేదేమో. తండ్రి చేతులన్న మాట మాత్రం గొంతులో ముల్లులా నిలిచిపోయింది. ఇంటికెళ్ళి కెంపమ్మతో ఒకటే చెప్పింది: అదే గుర్రాన్ని, అదే మైదానంలో, అదే జనం ముందు క్యాంటర్ పట్టిస్తుంది. ఆ తరువాత ఆ మల్లికార్జున్ లాయం పనివాడిలా వంగి ఆమెకు రికాబు పట్టాలి. అది చూసేదాకా ఆమెకు తిన్నది ఒంట పట్టదు.

సోమవారాలు బడికి సెలవు. మైదానంలో పురుగు కూడా ఉండదు. మునిలక్ష్మి రోజీకి పొడుగుతాడు కట్టి, మధ్యలో తల్లిని నిలబెట్టి తాడు ఆమె చేతికిచ్చింది. జట్కావాడి పెళ్ళాం కాబట్టి కెంపమ్మకు గుర్రమంటే బెరుకు లేదు. మొదటి సోమవారం మునిలక్ష్మి మూడుసార్లు పడింది. రెండో సోమవారం ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. గుర్రం ఎగరగానే చేతులు లాగేవి. లాగకుండా ఆపుకుంటే మోకాళ్ళు బిగుసుకునేవి. మోకాళ్ళు బిగిస్తే జీను ఆమెను చెండులా పైకి విసిరేది. ఏడుపొచ్చేది కాదు, ఒళ్ళు మండేది.

నేర్పేవాళ్ళు లేరనుకోవడానికి లేదు. శని, ఆదివారాల్లో మల్లికార్జున్ నేర్పుతూనే ఉన్నాడు, ఆమెకు కాదంతే. మల్లికార్జున్ క్యాంటర్ పాఠం చెప్పే వేళకు సరిగ్గా మైదానంలో పేడ ఎత్తే పని పెట్టుకునేది మునిలక్ష్మి. తల వంచుకుని, గంప పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా ఏరుకునేది. మోకాళ్ళతో పట్టుకోవద్దు, తొడలు వేలాడనివ్వు. పొట్ట వదులు చెయ్యి. కిందికి చూడొద్దు, గుర్రం చెవుల మధ్య నుంచి దూరంగా చూడు. గుర్రం నడుమును తోసినప్పుడు నడుమును దానితో పోనివ్వు. అన్నిటికన్నా ముఖ్యం, ఊపిరి బిగబట్టొద్దు. ఊపిరి ఆడాలంటే మాట్లాడుతూ ఉండాలని, అతను ఒక్కొక్కరి చేత వాళ్ళ ఇంటి అడ్రసు గట్టిగా చెప్పిస్తూ గుర్రాన్ని తిప్పించేవాడు. ఫలానా అపార్ట్‌మెంటు, ఫలానా అంతస్తు అంటూ ఇంజనీర్లు ఊగుతూ అరుస్తుంటే చూడ్డానికి వేడుకగా ఉండేది.

మునిలక్ష్మి అడ్రసు చెబితే రెండు మాటల్లో అయిపోతుంది. అందుకని ఆమె మల్లికార్జున్‌ను తిట్టడం మొదలుపెట్టింది. నీ మీసం కాలిపోను, నీ నోట్లో మన్ను పడ, నీ టోపీలో ఎలుక పిల్లల్ని పెట్టను, నీ ఇంటి మీద పిడుగు పడ అని, గుర్రం ఎత్తినప్పుడు ఒకటి, దించినప్పుడు ఒకటి. కెంపమ్మ తాడు పట్టుకుని మొదట చెవులు మూసుకోబోయి, చేతులు ఖాళీ లేక ఊరుకుంది. తిట్టు తిట్టుకూ ఊపిరి ఆడింది. ఊపిరి ఆడేసరికి పొట్ట వదులైంది. పొట్ట వదులయ్యేసరికి మోకాళ్ళు వాటంతటవే జారాయి. అంత మంట కడుపులో పెట్టుకున్న మనిషికి, దాన్ని నోటి గుండా బయటికి పోయడం తప్ప ఒళ్ళు వదులయ్యే దారి ఇంకొకటి లేదు.

చేతులు మాత్రం వినలేదు. చివరికి కెంపమ్మే విసిగి, పగ్గాలను ముడివేసి గుర్రం మెడ మీద పెట్టమని చెప్పి, తన చేటను ముందు గుర్రానికి చూపించి, తరువాత కూతురి చేతికిచ్చింది. “ఊరికే పట్టుకోవద్దు మే, చెరుగు. రాగులు చెరిగేతప్పుడు నడుము బిగిస్తావా? చేయి లాగితే గింజలన్నీ నీ మూతి మీద పడవా?” అంది.

చేట పట్టిన చేతులు పగ్గాలు పట్టినట్టు లాగవు. నడుము చెరుగుడుకు అలవాటు పడ్డదే. వేసవి దాటి వానలు పడేదాకా ప్రతి సోమవారం ఒక ఆడమనిషి గుర్రం మీద చేట ఆడిస్తూ, అక్కడ లేని మనిషిని నోటికొచ్చినట్టు తిడుతూ చుట్లు తిరిగింది. ఒకరోజు తిట్లన్నీ అయిపోయి నోరు ఊరుకుంది. గుర్రం ఎగురుతూనే ఉంది, ఆమె కూర్చునే ఉంది. చేట కింద పడేసి పగ్గాలు పట్టుకుంది. చేతులు గుర్రం నోటితో పాటు ముందుకూ వెనక్కూ పోయి వచ్చాయి, లాగలేదు. కెంపమ్మ తాడు వదిలేసినా ఆమె గమనించలేదు.

మరుసటి ఏడు బడి వార్షికోత్సవానికి బ్రూక్‌ఫీల్డు నుంచి అందరూ వచ్చారు. పిల్లల ప్రదర్శనలు అయ్యాక మునిలక్ష్మి పేడ గంప పక్కన పెట్టి, పద్మనాభం కుర్చీ దగ్గరికి నేరుగా నడిచివెళ్ళి, తనను రోజీ మీద ఒక చుట్టు తిరగనివ్వమని అడిగింది. ఆయన పాత సంగతి గుర్తొచ్చి తటపటాయించాడు. మల్లికార్జునే కల్పించుకుని, ఎక్కనివ్వండి సార్, జనం నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా అన్నాడు. వెంటనే నాలుగు వైపుల నుంచీ జట్కమ్మా అని పిలుపులు వచ్చాయి. వెనక వరసలో కెంపమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఆమె తనంతట తానే ఎక్కింది. ఒక చుట్టు నడిపించింది. మలుపు దగ్గర, సరిగ్గా అప్పటి చోటే, మల్లికార్జున్ నాలుకతో టక్కుమనిపించాడు. రోజీ ఎగిరి పరుగందుకుంది. మునిలక్ష్మి నడుము దానితో పోయింది. జీనుకు ఆమెకు మధ్య కాగితం దూరేంత సందు కూడా లేదు. ఒక చుట్టు అయింది. రెండో చుట్టులో పగ్గాలు ముడివేసి గుర్రం మెడ మీద పెట్టి, రెండు చేతులూ పక్కలకు చాపింది. జట్కమ్మా అన్న గొంతులు సద్దుమణిగాయి. మూడో చుట్టు దాటేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

పగ్గాలు అందుకుని, గుర్రాన్ని తీసుకొచ్చి మల్లికార్జున్ ముందు నిలిపింది. “రికాబు సల్పం పొడుగుండాది సార్. సరిచేసి పట్టుకోండి” అంది, అందరికీ వినబడేలా. ఈ ఒక్క మాట కోసం ఎన్నో సోమవారాలు నేలకు కొట్టుకున్న మనిషి ఆమె.

మల్లికార్జున్ వంగాడు. తోలుపట్టీ బిగించాడు, రికాబు పట్టుకున్నాడు, ఆమె చెప్పుకు అంటిన మట్టిని తన చేతిరుమాలుతో తుడిచాడు. అతను తల ఎత్తినప్పుడు మునిలక్ష్మి గుండె చల్లబడాల్సింది. చల్లబడలేదు. ఎందుకంటే ఆ ముఖంలో ఎక్కడా సిగ్గు లేదు. వెలిగిపోతోంది. కళ్ళలో నీళ్ళు కూడా. ఇంజనీర్లకూ డాక్టర్లకూ ఏళ్ళ తరబడి అరిచి చెప్పినా ఒక్కరి నడుముకూ ఎక్కని పాఠం, పొల్లుపోకుండా ఈమె ఒంట్లో కనబడింది అతనికి. ఏ గురువైనా తన పాఠాన్ని గుర్తుపడతాడు. నవ్వులపాలు చేయాలనుకున్న సంగతి అతనికి గుర్తే లేదు. అవమానపడవలసినవాడు పండగ చేసుకుంటుంటే మునిలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నో సోమవారాల కష్టాన్ని ఇతను దోచుకుపోతున్నాడనిపించింది.

“మునిలక్ష్మీ, నేను చెప్పేదాన్ని చెప్పినట్టు చేసినోళ్ళని నా జన్మలో చూడలేదమ్మా. ఎవురు నేర్పించినారు నీకు?” అన్నాడు అతను. పద్మనాభం, తల్లిదండ్రులు, పిల్లలు అందరూ చుట్టూ చేరి వింటున్నారు.

అతనికి జవాబు తెలుసు. అది ఆమె నోటి నుంచి వినాలని ఉంది. ఒక్క పేరు. మునిలక్ష్మి అతని ముఖాన్ని జాగ్రత్తగా చూసింది. ఎక్కడ కొడితే తగులుతుందో అప్పుడు తెలిసింది.

“ఎవురూ నేర్పించలే సార్. నాకు పుట్టుకతోనే ఉండాది.”

పుట్టుకతోనే ఇంత విద్యా అని పద్మనాభం ఆశ్చర్యపోయాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. మల్లికార్జున్ చెయ్యి రికాబు మీద కాసేపు అలాగే ఉండి, తరువాత జారిపోయింది. టోపీ సర్దుకుని, గుర్రాల వైపు నడిచాడు. మునిలక్ష్మి గుండె అప్పుడు చల్లబడింది.

దారిలో కెంపమ్మ ఊరుకోలేదు. “ఆయప్ప పేరు ఒక్కసారి చెప్పుంటే నీ సొమ్మేం పోతుండె?” అంది. పోయేదే, చెప్పను అంది కూతురు.

ఆ ఏడాదిలోనే మల్లికార్జున్ బడి వదిలి చందాపుర వైపు ఎవరో పెట్టిన చిన్న స్వారీ బడికి వెళ్ళిపోయాడు. మైదానం మునిలక్ష్మి చేతికి వచ్చింది. పిల్లలు ఆమెను మాస్టరమ్మ అని పిలిచారు. రెండువేల ఏడులో ఒక మధ్యాహ్నం చందాపుర నుంచి ఒక కాలేజీ అమ్మాయి వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది. మల్లికార్జున్ సార్ నడుము పడిపోయి మంచం మీద ఉన్నాడని, వచ్చినవాళ్ళందరికీ వర్తూరు మునిలక్ష్మి నా శిష్యురాలు అని చెబుతుంటాడని, ఎవరూ నమ్మడం లేదని, నిజమో కాదో ఒక్క మాట చెబితే ఆయనతో చెబుతానని అడిగింది. కెంపమ్మ పొయ్యి దగ్గర గరిటె ఆపి కూతురి వైపు చూసింది.

“కాదమ్మా” అంది మునిలక్ష్మి.

అమ్మాయికి మజ్జిగ ఇచ్చి, బస్సు దాకా దారి చూపించి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, కడుపునిండా భోంచేసింది.