ఊక బస్తా

మా మామయ్యకు, అంటే నా భార్య తండ్రికి, ఒక పాత సినిమా అంటే ప్రాణం. నలుపు తెలుపు బొమ్మ, నిండా పాటలు, నిండా నవ్వులు. హీరో ఒక మిల్లు యజమాని కూతురి కోసం హమాలీ వేషం కడతాడు. బియ్యం బస్తా భుజాన వేసుకుని పాడుకుంటూ ఆమె ఇంట్లోకి వెళ్తాడు. సూర్యాపేట నుంచి మేము ఏ ఆదివారం కోదాడ వెళ్ళినా, భోజనాలయ్యాక మామయ్య టీవీలో అదే పెడతారు. కథ అందరికీ తెలుసు. అందులో ఎవరూ చూడనిది చూడడమే మా పని. కొత్త సంగతి కనిపెట్టినవాళ్ళ చేతికి రిమోట్ వస్తుంది. ఇంకొకరు మరొకటి కనిపెట్టేదాకా అది వాళ్ళదే.

ఎనిమిదేళ్ళు అది నా చేతిలోనే ఉంది. తబలా వాయించేవాడి గడియారం ఒక చరణంలో ఎడమ చేతికి, తర్వాతి చరణంలో కుడి చేతికి ఉంటుందని చెప్పింది నేను. హీరోయిన్ మెట్లెక్కడం మొదలుపెట్టినప్పుడు ఉన్న చీర అంచు పైమెట్టు దగ్గర మారిపోతుందని చెప్పిందీ నేనే. ఆఫీసులో నా మాట ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ హాల్లో మాత్రం మామయ్య బొమ్మ ఆపించి, అందరి ముందూ నా వైపు తిరిగేవారు.

తర్వాత నా మరదలికి పెళ్ళయింది. ఆమె భర్త మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. సినిమాలు ఎక్కువ చూడడు. మొదటి రెండుసార్లు సోఫా చివర కూర్చుని కునుకు తీశాడు. నాకు హాయిగా అనిపించింది. మూడోసారి హమాలీ పాట చివర్లో హీరో బస్తాను ధబేలున పడేయగానే అతను ముందుకు వంగాడు.

"మామయ్యా, అది బియ్యం బస్తా కాదు. ఊక బస్తా."

ఎట్లా తెలుసని మామయ్య అడిగారు.

"బియ్యం బస్తా కింద పడితే కూసుంటది. ఇది ఎగిరింది, సూడుండ్రి."

నేనే వెనక్కి తిప్పాను. బస్తా నేలను తాకి జానెడు ఎగిరింది. ఆ పాట ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు, ఆ జానెడు మాత్రం ఒక్కసారీ కనిపించలేదు. మామయ్య కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. రిమోట్ కోసం నా వైపు చెయ్యి చాపారు.

నేను ఇవ్వలేదు. పాత రీలు వేగంగా తిరుగుతుంది కాబట్టి అలా ఎగిరినట్టు కనిపిస్తుందన్నాను. హీరో నిజం బస్తానే కావాలని పట్టుబట్టాడని, మోసి మోసి నడుం పట్టేస్తే మూడు రోజులు షూటింగ్ ఆపారని, ఒక పాత సినిమా పత్రికలో చదివానన్నాను. అలాంటి పత్రిక లేదు. నా నోటికి అది ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

మామయ్య మురిసిపోయారు. ఆయనకు ఇష్టమైన హీరో మరి. నా తోడల్లుడు కాసేపు టీవీ వైపే చూసి, తనదే పొరపాటై ఉంటుందని ఒప్పుకున్నాడు.

మామయ్య ఆ కథను క్షౌరశాలలో చెప్పారు, నడిగూడెంలో బంధువుల పెళ్ళి పందిట్లో చెప్పారు. మిల్లులో ఉండి బస్తాను గుర్తుపట్టలేని అల్లుడని కొసమెరుపు చేర్చేవారు. బావమరుదులు అతనికి 'ఊక అల్లుడు' అని పేరు పెట్టారు. అందరితో పాటు నేనూ నవ్వాను. అతను కోదాడ రావడం తగ్గించి, తర్వాత మానేశాడు. మిల్లులో సీజన్ అని మరదలు ఫోన్లో చెప్పేది. సీజన్ అయిపోయి నెలలు గడిచినా అదే మాట.

ఒకరోజు ఆఫీసు పని మీద మిర్యాలగూడ వెళ్ళి, అతని మిల్లులో దిగాను. అతను ఎదురొచ్చి టీ తెప్పించాడు. వెనక లారీ దగ్గర హమాలీ ఒకతను భుజం మీది బస్తా దించాడు. అది పడ్డచోటే కూర్చుంది, అంగుళం కదల్లేదు. మేమిద్దరం అటే చూశాం.

"అన్నా, ఆ పత్రిక దొరికితే ఒక్కసారి నాకు సూపియ్యి," అన్నాడు. "నిన్ను అనుమానించి కాదు. పదేండ్ల సంది బస్తాలు సూసే బతుకుతున్న. గదే తప్పైతే, ఇగ నా కండ్లను నేనే నమ్మలేకపోతున్న."

అతను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. అప్పుడే నిజం చెప్పాల్సింది, చెప్పలేదు. వచ్చే ఆదివారం కోదాడ తప్పకుండా రమ్మని మాత్రం బతిమాలాను.

వచ్చాడు. భోజనాలయ్యాక మామయ్య సినిమా పెట్టమన్నారు. నేను పెట్టలేదు. పత్రిక లేదని, నడుం నొప్పి కథ నా కల్పన అని, అది ఊక బస్తానే అని అందరి ముందూ చెప్పాను. నా భార్య తల దించుకుంది. మామయ్య నా చేతిలోని రిమోట్ వైపు చూశారు. ఆ తర్వాత అడిగారు.

"మరి గడియారం?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. రిమోట్ నా తోడల్లుడి చేతికిచ్చాను. అతను సినిమా పెట్టి, ఇన్నేళ్ళుగా నేను చెప్పినవి ఒక్కొక్కటే తిప్పి చూపించసాగాడు. గడియారం దగ్గర ఆపి, "నిజమే మామయ్యా, అన్న చెప్పింది కరెక్టే," అన్నాడు. చీర అంచు దగ్గరా అదే మాట. నా పరువును అతను అంత ఓపికగా నిలబెడుతుంటే, నాకు అతని మంచితనం మీద కూడా అసూయే కలిగింది.

తర్వాత కచేరీ సీను వచ్చింది. ముందు వరుసలో తల ఊపే ముసలాయన, చివర్లో పెళ్ళి చేయించే పురోహితుడు ఒకరేనని నేను ఎప్పుడో చెప్పాను. అతను రెండు ముఖాలూ ఆపి చూశాడు. ఒకసారి నా వైపు చూశాడు. ఏమీ అనకుండా ముందుకు జరిపేయబోయాడు.

"ఆపు తమ్మీ," అన్నాను. "అది కూడా నేను కల్పించిందే."

మామయ్య తల ఊపి, సినిమా మొదటినుంచి పెట్టమన్నారు, నాతో కాదు, అతనితో. నేను సోఫా చివరకు జరిగాను. ఆ రోజంతా నా చూపు తెర మీద కన్నా అతని చేతిలోని రిమోట్ మీదే ఎక్కువ ఉంది.