పద్దెనిమిదో పేరు

మా యరాబిన్‌లో నోరీన్ ట్రెగిల్గస్‌ను తిట్టుకోనివాళ్లు లేరు. వాళ్లలో నేనే మొదటివాణ్ని. అయినా ఏప్రిల్ మొదటి గురువారం వారపత్రిక వచ్చిందంటే, బేకరీ ముందు నిలబడి అందరం ఆవిడ రాసిందే ముందు చదువుతాం. చేత్తో పట్టి కాలితో తన్నే మా ఫుటీ ఆట కొత్త సీజన్ తొలి శనివారం ఎవరు ఎవరితో ఆడతారు, ఎవరు గెలుస్తారు, మా జట్టులో పద్దెనిమిది మంది ఎవరు అన్నది ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిడే రాస్తోంది. పోస్టాఫీసులో ఉన్నన్నాళ్లూ కౌంటర్ వెనక కూర్చుని రాసింది. రిటైరయ్యాక వంటింటి బల్ల మీద రాస్తోంది.

ఆవిడకు రెండు పట్టింపులు. ఉన్నదున్నట్టు రాయాలి, రాసింది వెనక్కి తీసుకోకూడదు. మొగుడు మెర్విన్ కెప్టెన్‌గా ఉన్న ఏడాది కూడా "పక్క ఊరు డింబర్ చేతిలో యరాబిన్ పది గోల్స్ తేడాతో చిత్తవుతుంది" అని రాసి పారేసింది. చిత్తయ్యాం కూడా. పాపం మెర్విన్, పోయేదాకా ఆ మాట చెప్పుకుని నవ్వేవాడు.

ఈ ఏడాది మాత్రం నవ్వడానికి ఏమీ లేకపోయింది. ఊళ్లో పొలాలు పెద్దవవుతున్నాయి, మనుషులు తగ్గిపోతున్నారు. మా రెండో జట్టు ఎప్పుడో మూతపడింది. తొలి మ్యాచ్‌కు పద్దెనిమిది మందిని దింపలేకపోతే క్లబ్బును తీసేస్తామని జిల్లా లీగ్ వాళ్లు ఉత్తరం రాశారు. సోమవారం నాటికి మాకు దొరికింది పదిహేడు మంది.

"ఎవడిదో ఒకడి పేరు రాసెయ్ నోరీన్. పేపర్లో చూసుకుని సిగ్గుపడైనా వస్తాడు" అన్నాడు మా క్లబ్బు ప్రెసిడెంట్ గ్రాంట్లీ, ఆవిడ వంటింట్లో నిలబడి.

"దొంగపేర్లు రాసే చెయ్యి కాదిది. నీకంత సరదాగా ఉంటే ఆ పొట్టేసుకుని నువ్వే దిగు" అంది.

గ్రాంట్లీ విసవిసా వెళ్లిపోయాడు. నేను ఉండబట్టలేక "రీస్ షిర్మర్‌ని అడిగితే?" అన్నాను.

నోరీన్ కలం కింద పెట్టింది. మూడేళ్ల కిందట సెమీఫైనల్ చివరి నిమిషంలో, నేరుగా చేతుల్లోకి వచ్చిన బంతిని వదిలేశాడు రీస్. గోల్‌కు ఆరు పాయింట్లయితే, మేం మూడు పాయింట్లతో ఓడిపోయాం. ఆ తర్వాతి ఏప్రిల్‌లో ఆవిడ రాసింది: "షిర్మర్‌ను గోల్ ముందు నిలబెట్టకండి. అతనికి బంతి అంటే భయం." ఆ రోజు నుంచి వాడు మైదానం మొహం చూడలేదు. ఊరి చివర షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసుకుంటున్నాడు.

ఆటగాళ్లకు కట్లు కట్టే పని నాది. ఆ సెమీఫైనల్ రోజు కట్టిన ఒక కట్టు సంగతి మూడేళ్లుగా నా గుండెల్లో ఉంది. ఇక దాచలేకపోయాను.

"ఆ రోజు మూడో క్వార్టర్లో వాడి చేతి బొటనవేలు విరిగింది నోరీన్. నేనే కట్టాను. చెప్తే బయట కూర్చోబెడతారు, చెప్పొద్దని బతిమాలాడు. నువ్వు అలా రాశాక కూడా నేను నోరు విప్పలేదు. విరిగిన వేలితో ఆడనిచ్చానని అందరూ నామీద పడతారని భయం."

"మూడేళ్లు! మూడేళ్లు నోట్లో ఏం పెట్టుకున్నావురా క్లెమ్?" అని అరిచింది. కాసేపటికి గొంతు తగ్గింది. "నిన్నని ఏం లాభంలే. నేను ఎక్కణ్ణించి చూశాను? కారులో కాళ్లు చాపుకుని. అద్దం మీద ఎదురెండ."

మా ఊళ్లో అందరం అలాగే చూస్తాం. కంచెకు ఆనించి కార్లు పెట్టుకుని, అందులోనే టీ తాగుతూ, గోల్ పడితే హారన్లు మోగిస్తూ.

మంగళవారం పొద్దున్నే ఇద్దరం షెడ్డుకు వెళ్లాం. రీస్ ట్రాక్టర్ కిందనుంచి బయటికే రాలేదు.

"మధ్యాహ్నానికి పత్రికకు పంపాలి బాబూ. నీ పేరు రాయనా?" అంది నోరీన్.

"ఒకసారి రాశారుగా. చాలు."

"వేలి సంగతి నాకు తెలీదు."

"మీరు అడగలేదు" అన్నాడు ట్రాక్టర్ కిందనుంచే. తర్వాత మళ్లీ స్పానర్ చప్పుడు మొదలైంది. తిరిగొస్తుంటే కారులో ఆవిడ ఏడ్చింది. నేను సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

గురువారం పత్రికలో పదిహేడు పేర్లున్నాయి. వాటి కింద ఇలా ఉంది: "పద్దెనిమిది: ఖాళీ. ఇది రీస్ షిర్మర్ చోటు. అతని గురించి నేను రాసింది తప్పు. అతను విరిగిన వేలితో ఆడాడు. నేను కనుక్కోకుండా రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇక శనివారం సంగతి. డింబర్ చేతిలో యరాబిన్ పద్నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోతుంది, అసలు ఆడగలిగితే."

బేకరీ ముందు అందరం దాన్ని రెండోసారి చదివాం.

శనివారం కార్లన్నీ వచ్చాయి. నోరీన్ మాత్రం కారు దిగి, దుమ్ముగాలిలో కంచె పట్టుకుని నిలబడింది. ఆట మొదలయ్యే సైరన్‌కు పావుగంట ఉందనగా రీస్ బండి వచ్చి ఆవిడ కారు పక్కన ఆగింది. వాడు దిగలేదు. ఆవిడ అటు తిరగనూ లేదు.

చివరికి తలుపు తెరుచుకుంది. చేతిలో బూట్లు.

"కారులో కూర్చోలేదేం?" అని అడిగాడు.

"అద్దంలోంచి సరిగ్గా కనబడదయ్యా" అంది.

వాడు బట్టలు మార్చుకునే గదిలోకొచ్చి నా ముందు బొటనవేలు చాపాడు. "గట్టిగా కట్టు క్లెమ్. ఈసారి ఏమన్నా అయితే ఊరంతా చెప్పు."

ఓడిపోయాం, ఇంకేం చేస్తాం. రీస్ రెండు బంతులు వదిలేశాడు. మూడోది మనుషుల మీదికెగిరి పట్టుకుని గోల్ కొట్టాడు. కార్లన్నీ హారన్లు మోగించాయి. నోరీన్ కారులో మోగించడానికి ఎవరూ లేరు. ఆవిడ రెండు చేతులతో కంచె రేకును బాదింది.

ఆట అయ్యాక రీస్ మట్టికొట్టుకుపోయిన మొహంతో ఆవిడ దగ్గరికి నడిచాడు.

"పద్నాలుగు గోల్స్ అన్నారు. పదకొండే."

"తప్పే" అంది నోరీన్, ఎర్రబడ్డ అరచేతులు కోటుకు రుద్దుకుంటూ. "వచ్చే గురువారం అదీ వెనక్కి తీసుకుంటా. నీ పేరు ఎన్నో వరసలో రాయమంటావు?"